చుక్కలకు ముందు ఒక స్కాన్, చుక్కల తర్వాత ఇంకో స్కాన్: కంటికి ఇది నిజంగా అవసరమా?

హంటర్‌రోడ్_పోరడు
మా అమ్మకు 58 ఏళ్లు. సాయంత్రం అయితే చాలు నుదురు బరువెక్కుతోంది, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయి అంటోంది. హనుమకొండలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే కంటి ప్రెజర్ చూసి, అద్దం లాంటిది కంటికి ఆనించి చూసి, "యాంగిల్ ఇరుకుగా ఉంది, నీటికాసులు వచ్చే అవకాశం ఉంది" అన్నారు. సరే. తర్వాత మంచం మీద పడుకోబెట్టి, రెప్పల మధ్య చిన్న కప్పు ఒకటి ఇరికించి, అందులో నీళ్ల లాంటిది నింపి అల్ట్రాసౌండ్ తీశారు. అది అయ్యాక ఏవో చుక్కలు వేసి చాలాసేపు బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మళ్లీ పిలిచి మళ్లీ అదే కప్పు, అదే స్కాన్! బిల్లులో రెండూ విడివిడిగా వేశారు. రెండోసారి ఎందుకు సార్ అంటే "చుక్కలకు కన్ను ఎట్లా మారుతుందో చూడాలి కదా" అని ఇంకో పేషెంట్‌ను పిలిచారు. చుక్కలు పనిచేశాయో లేదో ప్రెజర్ చూస్తే తెలియదా? దానికి అల్ట్రాసౌండ్ దాకా పోవాలా? ఊరికే తిట్టడానికి అడగట్లేదు, కానీ డబ్బులు దండుకున్నారేమో అన్న అనుమానం మాత్రం పోవట్లేదు.

కాజీపేట_జంక్షన్
స్కానింగ్ అంటే నాకు గోడ మీద "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అన్న బోర్డే గుర్తొస్తుంది. కంటికి కూడా తీస్తారని ఇప్పుడే తెలిసింది.

బిల్లుచూస్తే_బీపీ
ఇందులో తెలియనిదేముంది అన్నా. మెషీన్ కొన్నారు, దాని ఈఎంఐ మీ అమ్మగారితో కట్టిస్తున్నారు. ఒకే కన్ను, ఒకే రోజు, ఒకే మెషీన్, రెండు బిల్లులు. నేనైతే అక్కడే గొడవ పెట్టుకునేవాణ్ణి.

ఆప్టమ్_కరీంనగర్
తమ్ముడూ, నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, మీ అమ్మగారిని చూడలేదు కాబట్టి ఆమె కేసు గురించి కాదు, పద్ధతి గురించి చెప్తాను.

ముందు ఒకటి. స్కాన్‌లో మందు కనిపించదు. చుక్క ఎంత ఇంకింది, ఎక్కడిదాకా పోయింది అనేది అల్ట్రాసౌండ్‌కు తెలియదు. చుక్క పడ్డాక లోపలి భాగాలు ఎట్లా కదిలాయి అనేదే తెలుస్తుంది. మీరు చెప్పిన కప్పు స్కాన్‌ను యూబీఎం అంటారు, అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ. స్క్రీన్ మీద చూస్తే పైన తెల్లటి విల్లులా కార్నియా, అంటే కంటి ముందుండే అద్దం లాంటి పొర, దాని కింద సన్నటి పట్టీలా ఐరిస్, అంటే నల్లగుడ్డులో రంగు ఉండే పొర. ఆ రెండూ కలిసే మూలే యాంగిల్. కంట్లో ఊరే నీళ్లు ఆ మూల నుంచే బయటికి పోవాలి. ఆ మూల మూసుకుంటే ప్రెజర్ ఎక్కుతుంది.

అసలు విషయం ఐరిస్ వెనకాల ఉంది. అక్కడ సిలియరీ బాడీ అని ఒక భాగం ఉంటుంది, నీళ్లను తయారుచేసేదీ అదే, లెన్స్‌ను బిగించి వదిలే కండరం ఉండేదీ అక్కడే. చాలా చుక్కల మందులు పనిచేసేది దాని మీదే. స్లిట్ ల్యాంప్‌తో, అంటే గడ్డం ఆనించి కూర్చోబెట్టి వెలుతురు వేసి చూసే మైక్రోస్కోపుతో, ఎంత చూసినా అది కనబడదు, ఎందుకంటే ఐరిస్‌లోని రంగు వెలుతురును అడ్డుకుంటుంది. శబ్దానికి ఆ రంగుతో పని లేదు, దాటుకుని పోతుంది.

ప్రెజర్ చూస్తే చాలదా అన్నారు. ప్రెజర్ తగ్గిందో లేదో ఆ అంకె చెప్తుంది. ఎందుకు తగ్గింది, లేదా ఎందుకు తగ్గలేదు అనేది చెప్పదు.

హంటర్‌రోడ్_పోరడు
అక్కా థ్యాంక్స్. డాక్టర్ గారు ఇందులో సగం చెప్పినా నేను ఈ పోస్టు పెట్టేవాణ్ణి కాదు.

బిల్లుచూస్తే_బీపీ
అక్కా, మరి ఆయనే రాశారు కదా, "అద్దం లాంటిది కంటికి ఆనించి చూశారు" అని. అది గోనియోస్కోపీనే కదా? యాంగిల్ చూడటానికే ఆ అద్దం ఉంది. దానితో పని అయిపోయినప్పుడు యూబీఎం ఎందుకు? ఇంకోటి, మా ఆఫీసు పక్కన ఉన్న ఆసుపత్రిలో కంటి ముందు భాగానికి తీసే ఓసీటీ ఉంది, అదో రకం వెలుతురు స్కాన్, కంటిని తాకకుండానే రెండు నిమిషాల్లో తీసేస్తారు.

ఫిజిక్స్‌సారు_జనగామ
ఇంటర్ పిల్లలకు శబ్ద తరంగాలు చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణే వాడుతుంటాను కాబట్టి కాస్త దూరతాను. కంట్లో నీటిలాంటి భాగాల్లో శబ్దం సెకనుకు దాదాపు 1,532 మీటర్ల వేగంతో పోతుంది, లెన్స్‌లో 1,641. కంటి వెనక భాగం దాకా చూసే మామూలు అల్ట్రాసౌండ్, బీ-స్కాన్ అంటారు, అందులో వాడేది సుమారు 10 మెగాహెర్ట్జ్. వేగాన్ని దానితో భాగిస్తే తరంగ దైర్ఘ్యం 0.15 మిల్లీమీటర్. అదే యూబీఎంలో 50 మెగాహెర్ట్జ్ అనుకోండి, 0.03 మిల్లీమీటర్. పాకాల చెరువులో సన్న చేప పట్టాలంటే సన్న కన్నుల వలే వేయాలి, ఇదీ అంతే. కానీ ఊరికే రాదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ శబ్దాన్ని కణజాలం త్వరగా మింగేస్తుంది. 50 దగ్గర 5 మిల్లీమీటర్ల లోతు దాటితే ఏమీ కనబడదు. రెటీనా చూడాలంటే పనికిరాదు, ఐరిస్ వెనకాల చూడటానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది.

కప్పులో నీళ్లు ఎందుకంటే, గాలి ఉంటే శబ్దం అక్కడే వెనక్కి తిరిగిపోతుంది. కడుపు స్కాన్‌లో జెల్ రాసేది కూడా అందుకే.

కాజీపేట_జంక్షన్
సారూ, మీ క్లాసులో నేను ఉండి ఉంటే పాసయ్యేవాణ్ణి.

ఫిజిక్స్‌సారు_జనగామ
అనుమానమే.

పీజీ_నైట్‌డ్యూటీ
ఆఫ్తల్మాలజీ పీజీ చేస్తున్నాను, వార్డులో పేషెంట్లు పడుకున్నారు కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను.

బీపీ అన్న అడిగింది మంచి ప్రశ్నే. యాంగిల్ ఇరుకా, మూసుకుందా అని తేల్చడానికి గోనియోస్కోపీనే ముఖ్యం, ఇప్పటికీ. ఓసీటీ కూడా బాగుంటుంది, ఇంకా సన్నగా కనబడుతుంది, తాకే పని లేదు. కానీ అది వెలుతురుతో పనిచేసేది, ఐరిస్ వెనకాలికి సరిగ్గా పోదు. యాంగిల్ ఇరుకుగా "ఉందా" అంటే ఓసీటీ చాలు. "ఎందుకు" ఇరుకైంది అంటే యూబీఎం కావాలి.

ఇప్పుడు చుక్కల దగ్గరికి వద్దాం. పైలోకార్పిన్ అని పాత మందు ఉంది, యాంగిల్ ఇరుకుగా ఉన్న కళ్లకు చాలాకాలంగా వాడుతున్నదే. అది వేస్తే పాప చిన్నదవుతుంది, ఐరిస్ మూల నుంచి లాగినట్టు సాగుతుంది, యాంగిల్ తెరుచుకుంటుంది. ఇదొక పని. అదే మందు సిలియరీ కండరాన్ని కూడా బిగిస్తుంది. కండరం బిగిస్తే లెన్స్‌ను పట్టుకున్న దారాలు వదులవుతాయి, లెన్స్ లావై కాస్త ముందుకు జరుగుతుంది, కంటి ముందు గది, అంటే కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య నీళ్లుండే ఖాళీ, లోతు తగ్గుతుంది. ఇది రెండో పని, మొదటిదానికి ఎదురు. చాలామందిలో మొదటిదే గెలుస్తుంది. లెన్స్ బాగా లావైన వాళ్లలో, దారాలు ముందే వదులైన వాళ్లలో రెండోది గెలవొచ్చు, అప్పుడు మేలు చేయాల్సిన చుక్కే ఇంకా మూసేస్తుంది. బయట నుంచి చూస్తే రెండు కళ్లలోనూ పాప చిన్నదైనట్టే కనబడుతుంది! తేడా లోపల ఉంది. చుక్కకు ముందు ఒకటి, తర్వాత ఒకటి తీస్తే ఏది గెలిచిందో కొలిచి చెప్పొచ్చు.

ఈ పరికరం కూడా మరీ పాతది కాదు. 1990 ప్రాంతంలో టొరంటోలో చార్లెస్ పావ్లిన్, స్టువర్ట్ ఫోస్టర్ బృందం దీన్ని తీసుకొచ్చింది. 1992లో వాళ్లే ప్లాటో ఐరిస్ అనే రకం కళ్లను చూసి, సిలియరీ బాడీ మామూలు కంటే ముందుకు ఉండి ఐరిస్‌ను వెనక నుంచి ఎత్తి పట్టడమే కారణమని చూపించారు. అలాంటి కంటికి ఐరిస్‌లో లేజర్‌తో రంధ్రం పెట్టినా యాంగిల్ పూర్తిగా తెరుచుకోదు.

పోరడు అన్నా, చుక్కలు వేశాక అమ్మగారికి నుదురు నొప్పి, చూపు చీకటిగా అనిపించడం లాంటివి ఉన్నాయా?

హంటర్‌రోడ్_పోరడు
ఉన్నాయి! "లైట్లు తీసేశారేంట్రా" అని అడిగింది బెంచీ మీద. కనుబొమ్మల పైన గుంజుతోంది అని కూడా అంది. మేము భయపడి నర్సమ్మను పిలిస్తే "అట్లనే ఉంటది అమ్మా, తగ్గుతది" అంది.

పీజీ_నైట్‌డ్యూటీ
అయితే పైలోకార్పినే అయ్యుంటుంది. పాప సూది మొనంత అయితే వెలుతురు తక్కువ పోతుంది, అందుకే చీకటి. నొప్పి ఆ కండరం బిగుసుకోవడం వల్ల.

మత్తడివాగు
చుక్క వేస్తే లోకం మసకబారుతుందని మా ఊళ్లో అందరికీ తెలుసు, స్కాన్ లేకుండానే.

కాజీపేట_జంక్షన్
ఆ చుక్క వేరు బాబాయ్, దానికి బెంచీ మీద కూర్చోబెట్టరు, పడుకోబెడతారు.

స్కాన్‌రూమ్_టెక్నీషియన్
పీజీ సార్ చెప్పింది పుస్తకంలో బాగుంటుంది, గదిలో ఎట్లా ఉంటుందో నేను చెప్తా. మొదటి స్కాన్ లైట్లు వేసి తీసి, రెండోది లైట్లు ఆపి తీస్తే అంతా పోయినట్టే. చీకట్లో పాప దానంతట అదే పెద్దదవుతుంది, యాంగిల్ ఇరుకవుతుంది, ఆ మార్పును చుక్క ఖాతాలో రాసేస్తారు. కప్పు కొంచెం గట్టిగా నొక్కినా యాంగిల్ ఆకారం మారుతుంది. పేషెంట్ ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా చూసినా లెన్స్ మందం మారుతుంది, అందుకే పైకప్పు మీద ఒక స్టిక్కర్ అంటించి దాన్నే చూడమంటాం. ప్రోబ్ రెండోసారి అదే గడియారం దిక్కున, అదే కోణంలో పడాలి, ఒక పక్కకు ఒరిగితే అంకె వేరే వస్తుంది. ఇవేవీ పట్టించుకోకుండా రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి "చూడండి, మందు పనిచేసింది" అనేవాళ్లను కూడా చూశాను.

కాబట్టి రెండు బిల్లుల కంటే నేనైతే ముందు అడిగేది, రెండు స్కాన్‌లూ ఒకే మనిషి, ఒకే వెలుతురులో తీశారా అని.

బిల్లుచూస్తే_బీపీ
ఇదిగో, ఈయన నా మనిషి.

స్కాన్‌రూమ్_టెక్నీషియన్
అంత తొందరపడకండి అన్నా. స్కాన్ వద్దని నేను అనలేదు, సరిగ్గా తీయాలి అన్నాను.

ఆప్టమ్_కరీంనగర్
టెక్నీషియన్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పరిశోధన కోసం తీసేటప్పుడు కొలిచేవాళ్లకు ఏది చుక్కకు ముందు ఫొటోనో, ఏది తర్వాతదో చెప్పకుండా ఇవ్వడం మంచి పద్ధతి. తెలిస్తే కన్ను మనకు కావాల్సినదే చూస్తుంది.

చింతగట్టు_అమ్మ
ఇక్కడ అడగొచ్చో లేదో. మా బాబుకు తొమ్మిదేళ్లు, మైనస్ పవర్ ఏటా పెరుగుతోంది. రాత్రి పడుకునే ముందు అట్రోపిన్ 0.01 శాతం చుక్క వేయమన్నారు. మొన్న చెకప్‌లో కంటికి పెన్ను లాంటిది ఆనించి కంటి పొడవు కొలిచారు, అది కూడా అల్ట్రాసౌండే అన్నారు. "పోయినసారి కంటే పొడవు కొంచెం తగ్గింది, మందు బాగా పనిచేస్తోంది" అన్నారు. కన్ను పొడవు తగ్గుతుందా నిజంగా?

పీజీ_నైట్‌డ్యూటీ
అక్కా, ఆ తగ్గడాన్ని నేనైతే మందు గొప్పతనం అని అనుకోను. పెన్ను ఆనించి కొలిచేది కాంటాక్ట్ ఏ-స్కాన్. కార్నియాను కొంచెం నొక్కితే చాలు, ఒక 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా పొడవు తక్కువ చూపిస్తుంది. మీ బాబు వయసు పిల్లల్లో మైనస్ పెరుగుతుంటే కన్ను ఏడాదికి పెరిగేదే దాదాపు అంత. అంటే కొలిచేవాళ్ల చెయ్యి బరువులోనే మందు ఫలితం అంతా మునిగిపోతుంది.

ఇక్కడ అల్ట్రాసౌండ్ కంటే వెలుతురుతో కొలిచే ఆప్టికల్ బయోమీటర్ మేలు, అది కంటిని తాకదు, 0.02 మిల్లీమీటర్ల తేడా కూడా పట్టుకోగలదు. హాంకాంగ్‌లో 438 మంది పిల్లల మీద చేసిన ల్యాంప్ అధ్యయనంలో ఇట్లాంటి కొలతలతోనే చూశారు. మొదటి ఏడాదిలో ఉత్తుత్తి చుక్కలు వేసిన పిల్లల్లో కన్ను 0.41 మిల్లీమీటర్ పెరిగింది, 0.01 శాతం వేసినవాళ్లలో 0.36, 0.05 శాతం వేసినవాళ్లలో 0.20. చూశారా, 0.01కీ ఉత్తుత్తి చుక్కకూ మధ్య తేడా ఎంత చిన్నదో. ఆ తేడాను పెన్ను ప్రోబ్‌తో పట్టుకోవడం కుదరని పని.

చింతగట్టు_అమ్మ
అయితే చుక్కలు ఆపేయాలా?

పీజీ_నైట్‌డ్యూటీ
అయ్యో, అట్లా అనలేదు. సొంతంగా ఆపొద్దు, డోసు సొంతంగా పెంచొద్దు. ఆప్టికల్ మెషీన్ ఉన్న చోట ఒకసారి కొలిపించి, ఇకనుంచి ప్రతిసారీ అదే మెషీన్ మీద చూడమని అడగండి. డోసు సంగతి ఆ అంకెలు చూసి మీ డాక్టర్ చెప్తారు. బాబును పగటి పూట బయట ఆడనివ్వండి, అది కూడా మందు లెక్కే.

నర్సంపేట_టీచరమ్మ
మా బడిలో కూడా ఈమధ్య అద్దాలు పెట్టుకునే పిల్లలు ఎక్కువయ్యారు. కంటి వెలుగు క్యాంపుల్లో పెద్దవాళ్లకు దగ్గరి చూపు అద్దాలు పంచినప్పుడు ఊరంతా వరుస కట్టింది, పిల్లల సంగతి మాత్రం బోర్డు కనబడట్లేదని మేము చెప్పేదాకా ఇంట్లోవాళ్లకు పట్టదు.

ఫిజిక్స్‌సారు_జనగామ
టీచరమ్మగారూ, ముందు బెంచీలో కూర్చోబెడితే సరిపోతుందనుకునే తండ్రులు నాకు బాగా తెలుసు.

బెల్లంపల్లి_బొగ్గు
మా నాన్న సింగరేణిలో చేసి రిటైర్ అయ్యారు, చాలా ఏళ్లుగా నీటికాసులకు చుక్కలు వేస్తున్నాం. మొదట టిమోలాల్. దానితో రాత్రిళ్లు పిల్లికూతలు ఎక్కువయ్యాయి, ముందే ఆస్తమా మనిషి. చుక్కలకూ దమ్ముకూ సంబంధం ఏంటని ఎవరం అనుకోలేదు, మందులన్నీ ముందు పెట్టుకుని చూసిన ఒక ఛాతీ డాక్టర్ పట్టుకున్నారు. ఆ తర్వాత డోర్జోలమైడ్‌కు మార్చారు. ఇప్పుడు ఒకచోట "ఈ మందుతో కంటి నరానికి రక్తం కూడా బాగా అందుతుంది, డాప్లర్ స్కాన్‌లో చూపిస్తాం" అంటున్నారు. ఇదీ అల్ట్రాసౌండే కదా, తీయించాలా?

మెడికల్‌షాపు_పరకాల
టిమోలాల్ సంగతి నేను ప్రతి ఒక్కరికీ చెప్తా, వినరు. చుక్క కంట్లో ఆగదు అన్నా. సీసా నుంచి పడే చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది, కన్ను పట్టుకోగలిగింది అంతకంటే తక్కువ. మిగిలింది కొంత చెంప మీదికి, కొంత ముక్కులోకి పోయే గొట్టంలోకి, అక్కడి నుంచి రక్తంలోకి. గొంతులో చేదు తగిలిందంటే అదే. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు వైపు మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఇంకోటి, నీటికాసులకే వాడే లాటానోప్రోస్ట్ చుక్కల సీసాను తెరవకముందు ఫ్రిజ్‌లో పెట్టాలి. మన దగ్గర మే నెలలో బండి డిక్కీలో పెట్టుకుని తిరిగి "మందు పనిచేయట్లేదు" అని నా మీదికి వస్తారు.

పీజీ_నైట్‌డ్యూటీ
బొగ్గు అన్నా, పరకాల అన్న చెప్పింది అక్షరాలా నిజం. లోపలికి చేరేది చుక్కలో ఐదు శాతం లోపే.

డాప్లర్ గురించి. కలర్ డాప్లర్‌తో కంటి వెనకాల రక్తనాళాల్లో రక్తం ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు. గ్లకోమా, అంటే నీటికాసుల మందులు ఆ వేగాన్ని ఎట్లా మారుస్తాయో తెలుసుకోవడానికి చాలా అధ్యయనాలు ఈ పద్ధతిలోనే జరిగాయి, డోర్జోలమైడ్ మీద కూడా. కొన్నింటిలో వేగం పెరిగింది. ఆసక్తికరమైన విషయమే.

స్కాన్‌రూమ్_టెక్నీషియన్
ఆసక్తికరం వరకు సరే సార్, కానీ అది పేషెంట్‌కు అమ్ముతున్నారు కదా ఇక్కడ. డాప్లర్ చెప్పేది వేగం. రక్తం ఎంత పోతోందో చెప్పదు, ఎందుకంటే ఆ నాళాలు ఎంత సన్నవంటే వాటి వెడల్పు మన స్కాన్‌లో కొలవలేం. వేగం పెరిగిందంటే రక్తం ఎక్కువ పోతోందని అనుకోవచ్చు, నాళం సన్నబడి వేగం పెరిగిందని కూడా అనుకోవచ్చు. ప్రోబ్ కోణం పది డిగ్రీలు తేడా వస్తే అంకె మారిపోతుంది. రెప్ప మీద ఎక్కువ నొక్కితే రెటీనా నాళంలో ప్రవాహమే తగ్గుతుంది.

పీజీ_నైట్‌డ్యూటీ
ఒప్పుకుంటున్నా, కానీ అందుకే రెసిస్టివ్ ఇండెక్స్ అని నిష్పత్తి చూస్తారు. గుండె కొట్టినప్పటి వేగంలోంచి విశ్రాంతి వేగం తీసేసి, కొట్టినప్పటి వేగంతో భాగిస్తారు. కోణం తప్పు రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది.

స్కాన్‌రూమ్_టెక్నీషియన్
కోణం తప్పు కొట్టుకుపోతుంది, నొక్కుడు తప్పు కొట్టుకుపోదు.

పీజీ_నైట్‌డ్యూటీ
సరే, ఇది ఇక్కడ తేలేది కాదు. బొగ్గు అన్నా, నాన్నగారి మందు మార్చాలా వద్దా అనేది ప్రెజర్, నరం ఫొటో, ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల చూపు ఎంత ఉందో చూసే పరీక్ష) చూసి నిర్ణయిస్తారు. డాప్లర్ అంకె చూసి చుక్క మార్చడం నేను మా వార్డులో చూడలేదు.

బెల్లంపల్లి_బొగ్గు
చాలు తమ్మీ, ఆ డబ్బులతో ఫీల్డ్ టెస్ట్ తీయిస్తా. అది తీసి చాలా రోజులైంది.

మిర్చియార్డు_హమాలీ
ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ వస్తే మా అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. మంటకు షాపులో ఒక చుక్కల మందు ఇస్తారు, వేస్తే ఇట్టే తగ్గుతుంది. ప్రతి సీజన్‌లో అదే వాడతాం. ఈ స్కాన్‌లో ఆ మందు కంటిని ఏమైనా చేస్తే తెలుస్తుందా?

ఆప్టమ్_కరీంనగర్
అన్నా, ఇట్టే తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి పేరు ఉందేమో చూడండి. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే దాదాపు మూడోవంతు మందిలో కంటి ప్రెజర్ ఎంతోకొంత పెరుగుతుంది, లెన్స్ వెనక భాగంలో శుక్లం కూడా రావొచ్చు. మీ ప్రశ్నకు జవాబు ఏంటంటే, స్కాన్‌లో తెలియదు. యాంగిల్ బాగా తెరిచే ఉంటుంది, స్కాన్ చూడటానికి చక్కగా ఉంటుంది, ప్రెజర్ మాత్రం ఎక్కి ఉంటుంది, ఎందుకంటే నీళ్లు బయటికి పోయే జల్లెడలోనే మార్పు వస్తుంది, అది అంత సన్నగా అల్ట్రాసౌండ్‌లో కనబడదు. ప్రెజర్ చూపించుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది, సర్కారు దవాఖానాలో కూడా చూస్తారు. నొప్పి లేదని ఊరుకోకండి, ఆ ప్రెజర్‌కు చాలామందిలో నొప్పి ఉండదు.

మిర్చి పడితే ముందు మంచినీళ్లతో బాగా కడగండి. చేతులు కడగకుండా రుద్దొద్దు.

మెడికల్‌షాపు_పరకాల
చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు ఇవ్వకూడదు. నేను ఇవ్వను. ఇవ్వనంటే పక్క షాపుకు పోతారు, అది వేరే సంగతి.

మత్తడివాగు
మా నానమ్మ అయితే నందివర్ధనం పూల రసం పిండేది. ఏ సీసా లేదు, ఏ స్కాన్ లేదు.

ఆప్టమ్_కరీంనగర్
బాబాయ్, ఆ పువ్వు దేవుడికి పెట్టండి, కంట్లో వద్దు. ఆకు పసర్లు, పూల రసాలు పోసుకుని కార్నియా మీద పుండుతో వచ్చినవాళ్లను చూశాను, తెల్లమచ్చ మిగిలిపోతుంది.

హంటర్‌రోడ్_పోరడు
ఇంకో డౌట్. అమ్మ రెండుసార్లు తీయించుకుంది కదా, అల్ట్రాసౌండ్ వల్ల కంటికి ఏమైనా హాని ఉంటుందా? ఆమెకు టెన్షన్ పట్టుకుంది, ఎక్స్‌రే లాంటిదేమో అని.

స్కాన్‌రూమ్_టెక్నీషియన్
ఎక్స్‌రే కాదు, రేడియేషన్ లేదు. అయితే కంటికి వాడేటప్పుడు శక్తి తక్కువ పెట్టాలనే నియమం ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ లెక్కలో మెకానికల్ ఇండెక్స్ అని ఒకటి ఉంటుంది, మిగతా శరీరానికి 1.9 దాకా ఒప్పుకుంటారు, కంటికి 0.23 మాత్రమే. కంటి మెషీన్లు ఆ హద్దులోనే తయారవుతాయి. కడుపు స్కాన్ మెషీన్‌తో కంటికి తీయాల్సి వస్తే మాత్రం కంటి సెట్టింగ్ పెట్టి తీయాలి, పెట్టకుండా తీసేవాళ్లతోనే నాకు గొడవ. కప్పు వల్ల ఒకటి రెండు రోజులు కొంచెం గరగర ఉండొచ్చు. ఎర్రబడి నొప్పి పెరిగితే వెళ్లి చూపించండి.

బిల్లుచూస్తే_బీపీ
ఇన్ని చదివాక కూడా నా మాట ఒకటే. రెండో స్కాన్ కావాలంటే తీయండి, కానీ తీసేముందు చెప్పి, బిల్లు చెప్పి తీయండి. పేషెంట్ కొడుకు ఇంటికొచ్చి నెట్‌లో అడుక్కుని తెలుసుకోవాలా?

పీజీ_నైట్‌డ్యూటీ
దీనికి నా దగ్గర జవాబు లేదు అన్నా. ఓపీలో రద్దీ అని చెప్పొచ్చు, కానీ అది జవాబు కాదు.

హంటర్‌రోడ్_పోరడు
అప్‌డేట్. ఇవాళ మళ్లీ వెళ్లి రెండు స్కాన్‌ల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించమని అడిగాను. టెక్నీషియన్ అన్న చెప్పినట్టు లైటు సంగతి కూడా అడిగాను. ఆమె కొంచెం ఆశ్చర్యంగా చూసి "రెండూ ఒకే లైటులో, నేనే తీశాను" అంది. మొదటి ఫొటోలో ఐరిస్ ఉబ్బి మూలకు ఆనుకుని ఉంది, చుక్క తర్వాత ఫొటోలో ఐరిస్ తిన్నగా సాగి మూల తెరుచుకుంది. ముందు గది లోతు మాత్రం రెండోదాంట్లో కాస్త తగ్గింది, పీజీ అన్న చెప్పిన ఆ రెండో పని కాబోలు. సిలియరీ బాడీ ముందుకు లేదట, ప్లాటో కాదన్నారు. లేజర్‌తో చిన్న రంధ్రం పెడతాం, రెండో కంటికి కూడా పెట్టాలి అన్నారు. అది కూడా బిల్లు పెంచడానికేనా లేక నిజమా?

పీజీ_నైట్‌డ్యూటీ
నిజమే. యాంగిల్ ఇరుకు సాధారణంగా రెండు కళ్లకూ ఉంటుంది. లేజర్ అయ్యేదాకా అమ్మగారికి ఎక్కడైనా పాప పెద్దది చేసే చుక్కలు వేయబోతే ముందే చెప్పండి, ఇరుకు యాంగిల్ అని. జలుబు మాత్రలు కూడా అడక్కుండా వేసుకోవద్దు, కొన్నింటితో పాప పెద్దదై ప్రెజర్ ఒక్కసారిగా ఎక్కొచ్చు. కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మెడికల్‌షాపు_పరకాల
ఆ ముక్క ఒక కాగితం మీద రాసి అమ్మగారి పర్సులో పెట్టండి. షాపులో మాకు చూపిస్తే మేమూ జాగ్రత్త పడతాం.

కాజీపేట_జంక్షన్
లేజర్ రోజు పోరడే బండి మీద తీసుకొస్తాడా, ఆటోలోనా?

ఆప్టమ్_కరీంనగర్
ఆటోలో. ఆ రోజు కూడా పైలోకార్పిన్ వేస్తారు, చూపు మసగ్గా ఉంటుంది, బండి వెనక కూర్చోవడం మంచిది కాదు. లేజర్ అయిన ఓ గంట తర్వాత ప్రెజర్ చూస్తారు, అది చూపించుకోకుండా బయల్దేరొద్దు.